బెస్ట్ బిఫోర్ వేరు, ఎక్స్‌పైరీ వేరు

కిరాణా కొట్టులో ప్యాకెట్ చేతికి రాగానే ‘డేట్ ఉందా?’ అని అడుగుతాం. అది ఏ డేటో మాత్రం చూడం. ‘బెస్ట్ బిఫోర్’ రుచికి, నాణ్యతకు పెట్టిన గడువు. ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ మన ఆరోగ్యానికి సంబంధించిన గడువు. ఈ తేడా తెలియకపోవడం వల్ల ఒక ఇంట్లో మంచి సరుకు చెత్తబుట్ట పాలవుతుంటే, మరో ఇంట్లో తినకూడనిది కంచంలోకి వస్తోంది.

అపోహ: బెస్ట్ బిఫోర్ దాటితే పాడైపోయినట్టే.

వాస్తవం: కాదు. ఆ తేదీ దాటాక బిస్కెట్ మెత్తబడొచ్చు, కాఫీ పొడి ఘాటు తగ్గొచ్చు. సీలు ఊడకుండా, తేమ తగలకుండా ఉంటే అది తినదగినదే కావచ్చని ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలే చెబుతున్నాయి. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు ఎక్స్‌పైరీ లేదా యూజ్ బై తేదీని తప్పనిసరి చేశాయి. బెస్ట్ బిఫోర్ వేయడం మాత్రం కంపెనీ ఇష్టం. ప్యాకెట్ మీద రెండూ ఉంటే రెండూ చదవాలి.

అపోహ: ఎక్స్‌పైరీ దాటినా వాసన బాగుంటే వాడుకోవచ్చు.

వాస్తవం: వాడకూడదు, అమ్మకూడదు కూడా. జబ్బు తెచ్చే సూక్ష్మజీవులు చేరినా ఒక్కోసారి రంగు, రుచి, వాసన మారవు. లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఫ్రిజ్ చల్లదనంలోనూ పెరుగుతుంది. గర్భిణులకు దానితో మరీ ముప్పు.

అపోహ: డేట్ ఇంకా ఉందంటే భయం లేదు.

వాస్తవం: ఆ తేదీ సీలు తీయని ప్యాకెట్‌కే, అదీ లేబుల్ మీద చెప్పినట్టు నిల్వ చేస్తేనే వర్తిస్తుంది. పాల ప్యాకెట్ మధ్యాహ్నమంతా ఎండలో ఉంటే దాని మీది తేదీకి విలువ లేదు. నెలల తరబడి నిలవుండే టెట్రా ప్యాక్ పాలు కూడా కత్తిరించాక ఫ్రిజ్‌లోనే ఉండాలి, కొద్ది రోజుల్లో అయిపోవాలి. గడువు ఎంత ఉన్నా బూజు పట్టిన పల్లీలు పారేయాల్సిందే. వాటిలో చేరే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు.

అపోహ: మందులకు ఎక్స్‌పైరీ దాటితే కాస్త పవర్ తగ్గుతుంది, అంతే.

వాస్తవం: ఆ తగ్గడమే ప్రాణాల మీదికి తేవచ్చు. ఇన్సులిన్, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ పూర్తి బలంతో పనిచేయకపోతే అవసరానికి ఆదుకోవు. స్ట్రిప్ మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా గడువున్నట్టు లెక్క. సీలు తీశాక ఇంకో గడువు మొదలవుతుంది. చాలా రకాల కంటి చుక్కలను నెల దాటి వాడకూడదు. పిల్లలకు నీళ్లు కలిపి ఇచ్చే యాంటీబయాటిక్ సిరప్‌కు సాధారణంగా వారం, పది రోజులే.

అపోహ: విడిగా తూచి ఇచ్చే మిఠాయిలకు డేట్ ఉండదు.

వాస్తవం: ట్రే దగ్గర బెస్ట్ బిఫోర్ తేదీ కనిపించేలా పెట్టాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన తెచ్చింది. కోవా, పాల మిఠాయిలు కొనేటప్పుడు ఆ చీటీ చూపించమని అడగండి.

బెస్ట్ బిఫోర్ దాటితే ప్యాకెట్ స్థితి చూసి నిర్ణయించుకోండి. ఎక్స్‌పైరీ దాటితే మాత్రం ఆలోచించకుండా పారేయండి. కళ్లు సరిగా కనిపించని పెద్దవాళ్లున్న ఇంట్లో మందుల డబ్బా తేదీలను నెలకోసారి చదివి చెప్పే బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోవాలి.