చిరునామా తప్పిన దుకాణము

చిరునామా అను మాట తెలుగులో ఎంతగా ఇమిడిపోయినదనగా, అది పారసీకమునుండి వచ్చిన 'సర్‌నామా' యొక్క రూపాంతరమని చెప్పినచో మా తరగతిలోని విద్యార్థులు ఒక పట్టాన నమ్మరు. ఉత్తరమునకు తలకట్టుగా వ్రాయునది గనుక దానికా పేరు. నేటి ఉర్దూ వ్యవహారమున 'పతా' అను మాట వాడుకలో ఉండగా, తెలుగువారు పాతమాటను పదిలముగా దాచుకొన్నారు. మేము ఇచట చెప్పబూనిన విషయము కూడ చిరునామాలను గూర్చినదే. అయితే ఇవి వీధికీ ఇంటికీ చెందినవి కావు. అంతర్జాలమున సరకులమ్ము దుకాణములకు చెందినవి. భాషాధ్యాపకులకు ఈ గొడవ యేల అని చదువరులు శంకింపవచ్చును. కారణము చెప్పెదము.

మా వద్ద ద్వితీయ భాషగా తెలుగు చదివిన విద్యార్థిని ఒకరు, పాతనగరములోని తమ యింటి లక్క గాజుల వ్యాపారమును కొంతకాలము క్రిందట అంతర్జాలమునకు ఎక్కించినారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి పలువురెరుగుదురు. లక్కను నిప్పు సెగపై మెత్తబరచి, కడియముగా చుట్టి, దానిపై రాళ్ళను ఒక్కొక్కటిగా పొదుగుట చేతిపని. ఆ పనిలో ఎక్కువ భాగము ఇళ్ళలో, స్త్రీల చేతుల మీదుగా సాగును. గిరాకీ వచ్చిననే వారికి కూలి. రంజాన్ మాసమునకు కొద్ది వారముల ముందు, అద్దె తక్కువయని ఆమె తన దుకాణమును ఒక వేదికనుండి మరొక వేదికకు మార్చినది. కొత్త దుకాణము చూడ ముచ్చటగానే ఉన్నది. కాని అమ్మకములు ఒక్కసారిగా పడిపోయినవి. "సార్, దుకాణం తెరిచే ఉంది. వచ్చేవాళ్ళు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నారు" అని ఆమె మాతో చెప్పుకొన్నప్పుడు మాకును ఏమియు తోచలేదు. కంప్యూటరు శాఖలోని సహాధ్యాపకుల నడిగి తెలిసికొన్న మీదట తేలినదేమనగా, తప్పంతయు ఒక్క ప్రత్యయములో ఉన్నది! పాత వేదికపై ప్రతి వస్తువు చిరునామాలోను 'ప్రొడక్ట్' అను ఏకవచనము. కొత్తదానిపై 'ప్రొడక్ట్స్' అను బహువచనము. వచనము మారినందున పాత కొనుగోలుదారుల వాట్సాప్ సందేశములలోను, గూగుల్ వెదకులాటలోను ఉన్న లంకెలన్నియు తెగిపోయినవి. వ్యాకరణమున ఇంత నష్టము కలదని మేమెన్నడును తలపలేదు.

ఇందలి కీలకమును కొంత వివరింపవలసియున్నది. మనము ఒక లంకెను నొక్కగానే మన ఫోనులోని బ్రౌజరు ఆ చిరునామాను ఒక సర్వరునకు పంపి, 'ఈ పుట కలదా?' అని అడుగును. సర్వరు మూడంకెల సంఖ్యతో బదులు చెప్పును. 200 అనిన పుట కలదని అర్థము. 404 అనిన దొరకలేదని. పుటను ఎవరైన తొలగించినారా, పేరు మార్చినారా, అడిగినవారే తప్పు వ్రాసినారా అను వివరము 404లో లేదు. 410 అనిన, ఇంతకుముందు ఉండెను, ఇపుడు తీసివేయబడినది, మరల రాదు అని. 301 అనిన, శాశ్వతముగా ఫలానా చోటికి మారినది, అచటికి పొమ్ము అని. 302 అనిన, తాత్కాలికముగా మాత్రమే మారినదని. ఇల్లు మారినవాడు తన కొత్త చిరునామాను తపాలా కార్యాలయమున ఇచ్చి వచ్చినచో, పాత ఇంటికి వ్రాసిన ఉత్తరము కొత్త యింటికి చేరును గదా! 301 చేయు పని అట్టిదే. దీనిని తెలుగులో 'దారిమార్పు' అనుచున్నారు, చక్కని మాట.

301కిని 302కిని గల భేదము చిన్నదిగా తోచును గాని, వ్యాపారికి అది ముఖ్యము. శాశ్వతమని చెప్పినచో గూగుల్ వంటి వెదకు యంత్రములు పాత పుటకు గల పరపతిని కొత్త పుటకు అందించును. తాత్కాలికమనినచో సాధారణముగా పాత చిరునామానే తమ పట్టికలో ఉంచుకొనును. పైగా బ్రౌజరు 301ని జ్ఞాపకముంచుకొనును. పొరపాటున తప్పు చోటికి 301 పెట్టినచో, తరువాత దిద్దినను కొందరి ఫోనులలో ఆ తప్పు కొంతకాలము నిలిచియుండును. కావున నిశ్చయము లేనప్పుడు మొదట 302 పెట్టి, సరిచూచుకొని, పిదప 301గా మార్చుట క్షేమము.

మా విద్యార్థినియు ఆమె తమ్ముడును కూర్చుండి, ఒక నిలువు వరుసలో పాత చిరునామాలు, ఎదుట కొత్తవి వ్రాసి పట్టిక సిద్ధపరచినారు. చాల భాగము ఒక్క సూత్రముతో తీరినది. చిక్కంతయు ఇపుడు తయారుకాని గాజుల వద్ద వచ్చినది. కొన్నింటికి దాదాపు అదే నమూనా వేరు రంగులో కలదు; వాటిని అచటికి మరల్చుట న్యాయమే. కొన్నింటికి సాటి లేదు. అట్టివానినన్నిటిని మొదటి పుటకు మరల్చినచో పీడ విరగడయగునని తమ్ముడు వాదించినాడట. అది సరికాదు. పెండ్లి గాజుల జత కొరకు వచ్చినవారిని ఏ మాటయు చెప్పక అంగడి ముఖద్వారమున దించిన వారేమనుకొందురు? గూగుల్ కూడ అట్టి మరలింపును లోలోపల 404గానే లెక్కించును. అట్టిచోట 410 అనియే నిజము చెప్పి, ఆ పుటపైననే 'ఈ నమూనా ఇపుడు లేదు, ఇట్టివి చూడుడు' అని నాలుగు లంకెలు చూపుట మర్యాద. సరకు తాత్కాలికముగా లేనప్పుడు పుటను తొలగింపనే రాదు. లేదని వ్రాసి యుంచిన చాలును.

మరియొక ప్రమాదము గొలుసు. మొదటి చిరునామా రెండవదానికి, రెండవది మూడవదానికి మరలును. ప్రతి మజిలీకిని కాలము ఖర్చగును. గూగుల్ వారి యంత్రము పది మజిలీలకు మించి నడవదు. ఒకటి రెండవదానికి, రెండవది మరల మొదటిదానికే మరలినచో బ్రౌజరు గానుగెద్దువలె తిరిగి తిరిగి, విసిగి మానుకొనును. ఎన్నిసార్లు మార్చినను తొలి చిరునామా నేరుగా తుది చిరునామాకే పోవలెను. దుకాణము లోపలి లంకెలను దారిమార్పుపై వదలక స్వయముగా దిద్దుకొనవలెను.

మన రెండు భాషలకు సంబంధించిన ముచ్చట ఒకటి కలదు. చిరునామాలో తెలుగు లిపి వాడవచ్చును. కాని యంత్రముల నడుమ ప్రయాణించునప్పుడు ఒక్కొక్క తెలుగు గుర్తు మూడు బైట్లుగా, ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో కూడిన మూడు అక్షరములుగా మారును. 'గాజు' అను మాటలో యంత్రము లెక్కించు గుర్తులు నాలుగు. అవి 36 అక్షరములగును. ఉర్దూలో 'చూడీ' అని వ్రాసినను నాలుగు గుర్తులే, కాని ఒక్కొక్కటి రెండు బైట్లే గనుక 24తో సరిపోవును. ఈ విషయమున ఉర్దూ మనకన్న పొదుపరి. ఇంత పొడవైన వరుసను ఎవరైన సందేశములో అతికించునప్పుడు తోక తెగినచో 404 తప్పదు. మాతృభాషాభిమానమునకు ఇది వెనుదీయవలసిన కారణము కాదు. మాట చిన్నదిగా ఉంచుకొనవలెను, అంతే.

తెగిన లంకెలను కనుగొనుట కష్టము కాదు. గూగుల్ వారి సర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనము, దొరకని పుటల జాబితాను చూపును. సర్వరు దినచర్యలో ఏ పాత చిరునామాను ఎక్కువమంది అడిగి భంగపడినారో కనబడును. మొదట దిద్దవలసినవి అవియే. ఈ జాడ్యము దుకాణములకే పరిమితము కాదు. 2013లో ఉన్న పుటలలో 38 శాతము పదేండ్లకు అందుబాటులో లేకుండ పోయినవని అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2024లో ప్రకటించినది. జాలమునకు ఆద్యుడైన టిమ్ బెర్నర్స్-లీ మంచి చిరునామాలు మారరాదని 1998లోనే వ్యాసము వ్రాసినాడు.

దారిమార్పులను కనీసము 1 సంవత్సరము ఉంచుమని గూగుల్ సలహా. కాగితముపై అచ్చయిన వాటికి ఆ గడువు చాలదు. మా విద్యార్థిని ప్రతి గాజుల పెట్టెలోను క్యూఆర్ గుర్తు గల చీటి పెట్టినది. ఆ పెట్టెలు ఎన్నేండ్లు ఎవరి బీరువాలలో ఉండునో ఎవరు చెప్పగలరు? అదృష్టవశమున ఆ గుర్తులో ఉన్నది ఆమె సొంత డొమైను పేరే గనుక దారి మరల్చుట సాధ్యమైనది. పండుగకు ముందటి చివరి వారమున కొన్ని ఆర్డర్లు తిరిగి వచ్చినవి, పోయినవి పోగా. అయితే డొమైను పేరు ఎప్పటికప్పుడు పునరుద్ధరింపవలసినది. అది జారిపోయిననాడు పట్టికలోని దారిమార్పులన్నియు ఒక్క పెట్టున మాయమగును.

ఈ సందర్భమున కళాశాల పాలక సంఘమువారికి ఒక మనవి. నిరుడు ఉపకారవేతనపు దరఖాస్తు లంకె నొక్కిన మా విద్యార్థులు కొందరు 404 చూచి, గడువు ముగిసినదనుకొని మరలిపోయినారు. దరఖాస్తు అచటనే, వేరొక పేరుతో ఉన్నది. ప్రవేశములు మొదలగుటకు ముందే పాత ప్రకటనల చిరునామాలను ఒకసారి సరిచూపించి, డొమైను పేరు గడువు తేదీని కార్యాలయపు గోడపై, అందరికి కనబడునట్లు వ్రాయింపవలెనని కోరుచున్నాము.