కోడి రోస్టు రసంతో గ్రేవీ

క్రిస్మస్‌కో ఈస్టర్‌కో కోడిని ముక్కలు కొట్టకుండా నిండుగా రోస్టు చేసే ఇళ్లు మన భీమిలిలోనూ ఉన్నాయి. ఓవెన్ ఉన్నవారు అందులో, లేనివారు మందపాటి గిన్నెలో మూతపెట్టి సన్నని సెగమీద చేస్తారు. కోడి కాలాక అడుగున మిగిలిన రసాన్ని కొందరు పారబోస్తారు, మరికొందరు ఉన్నదున్నట్టుగా అన్నంలో కలుపుకుంటారు. మొదటిది రుచికి నష్టం, రెండవది ఒంటికి నష్టం.

ఆ ట్రేలో ఉండేది ఒక్క పదార్థం కాదు. పైన తేలేది కొవ్వు. దాని కింద మాంసం నుంచి ఊరిన రసం. అడుగున అంటుకొని గోధుమరంగు పొర ఉంటుంది. మాంసకృత్తులూ, మాంసంలోనూ ఉల్లిపాయలోనూ సహజంగా ఉండే చక్కెరలూ గట్టి వేడికి కలిసి ఆ పొరగా మారతాయి. గ్రేవీకి రంగు, కమ్మదనం ఎక్కువగా దానివల్లా, ఆ రసంవల్లా వస్తాయి. కాబట్టి కొవ్వు తీసేస్తే గ్రేవీ చప్పబడుతుందనే భయం అక్కర్లేదు. ఒక పెద్ద చెంచా కొవ్వులో సుమారు 115 కేలరీలు ఉంటాయి. బ్రాయిలర్ కోడిని చర్మంతో కాలిస్తే ఇలాంటి చెంచాలు చాలానే వస్తాయి. నాటుకోడికి అంత కొవ్వు కారదు.

ఇక్కడో మాట. అరకు వెళ్లినవారు బొంగులో చికెన్ గురించి "నూనె చుక్క లేదు, ఎంతైనా తినొచ్చు" అంటుంటారు. నూనె పోయని మాట నిజమే. కాని కోడిలోని కొవ్వు బొంగు దాటి ఎక్కడికి పోతుంది? చర్మంతో వండితే అది ఆ రసంలోనే ఉంటుంది.

ఇక తయారీ. రోస్టు పెట్టేటప్పుడే ట్రేలో అర గ్లాసు నీళ్లు, తరిగిన ఉల్లిపాయ వేయండి. రసం మాడదు. నల్లగా మాడిపోతే మాత్రం ఆశ వదులుకోండి, ఆ చేదును ఏ మసాలా కప్పలేదు. కోడి ఉడికాక రసాన్ని గాజు గ్లాసులోకి వంపి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. కొవ్వు పైకి తేలుతుంది. చెంచాతో తీసేసి, ఒక్క పెద్ద చెంచా మాత్రం ఉంచుకోండి. ట్రేలో కొద్దిగా వేడినీళ్లు పోసి చెక్క గరిటెతో అడుగు గీకి, ఆ నీటిని కూడా రసంలో కలపండి.

ఉంచుకున్న కొవ్వును మూకుడులో వేడిచేసి ఒక పెద్ద చెంచా మైదా వేసి, పచ్చివాసన పోయేదాకా రెండు మూడు నిమిషాలు సన్నని మంటమీద వేయించండి. అప్పుడు కప్పు (250 మి.లీ.) రసాన్ని కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పండి. రసం చాలకపోతే నీళ్లు కలపండి. నాలుగైదు నిమిషాలు మరగనిచ్చి మిరియాల పొడి చల్లండి. ఉండలు కడితే టీ వడపోసే జల్లెడ చాలు. ఆ ఒక్క చెంచా కొవ్వు కూడా వద్దనుకుంటే, చెంచా కార్న్‌ఫ్లోర్‌ను చల్లని నీళ్లలో కలిపి, మరిగే రసంలో పోయండి. కోడిని నానబెట్టిన పెరుగు మసాలా మిగిలితే దాన్ని చివర్లో పచ్చిగా కలపవద్దు. అది పచ్చిమాంసం తగిలిన మసాలా. కలిపితే మొదట్లోనే కలిపి బాగా మరిగించాలి.

ఉప్పు రుచి చూశాకే వేయండి. కోడికి పట్టించిన ఉప్పు రసంలోకి ముందే దిగి ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాములకంటే తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చికెన్ క్యూబులు వేస్తే ఆ లెక్క ఒక్క పూటలోనే తప్పుతుంది. రక్తపోటు, గుండె, కిడ్నీ రోగులు వాటిని దూరంగా ఉంచాలి. కీళ్లలో యూరిక్ ఆమ్లం చేరే గౌట్ ఉన్నవారికి కొవ్వు తీసినా మాంసరసం మంచిది కాదు. షుగర్ ఉన్నవారు గ్రేవీలోని చెంచా పిండి గురించి కంగారుపడతారు. అసలు చూసుకోవలసింది దానితో తినే అన్నం. గ్రేవీ అంటే మాంసం ముక్కమీద రెండు చెంచాలు వేసుకునేది. మనవాళ్లు గరిటెలతో పోసి పులుసన్నంలా కలుపుతారు.

పులుసు మాట వచ్చింది కనుక ముఖ్యమైన సంగతి ఒకటి. చేపల పులుసు మర్నాటికే రుచి అని మన ఊళ్లో అందరికీ తెలుసు. అదే అలవాటుతో గ్రేవీని కూడా రాత్రి పొయ్యిమీదే వదిలేస్తారు. పులుసులో చింతపండు పులుపు ఉంది, ఆ పులుపులో చాలా క్రిములు తొందరగా పెరగలేవు. గ్రేవీలో ఆ రక్షణ లేదు. పైగా క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే క్రిమి బీజాలు మరిగించినా చావకపోవచ్చు. గ్రేవీ నెమ్మదిగా చల్లారేటప్పుడు అవి మేలుకొని వేగంగా పెరుగుతాయి. వాసన మారదు, రుచి మారదు. అందుకే వాసన చూసి బాగానే ఉందనుకోవద్దు. రాత్రంతా బయట ఉన్నదాన్ని పొద్దున మరిగించి వాడటమూ క్షేమం కాదు, కొన్ని క్రిములు వదిలే విషం మరిగినా పోదు.

మిగిలిన గ్రేవీని వెడల్పాటి గిన్నెలో పోసి, గిన్నెను చల్లని నీళ్లలో ఉంచి తొందరగా చల్లార్చండి. రెండు గంటలలోపు, ఎండాకాలమైతే గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు పైన గడ్డకట్టిన కొవ్వును తేలిగ్గా తీసేయవచ్చు. మూడు రోజులలోపు, కావలసినంతే తీసి బుడగలు వచ్చేదాకా మరిగించి వాడండి. ఫ్రిజ్ లేని ఇంట్లో, కరెంటు గంటల తరబడి పోయే రోజుల్లో, ఆ పూటకు సరిపడానే చేసుకోవాలి.

తిన్న 6 నుంచి 24 గంటలలోపు కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు మొదలైతే ఈ క్రిమిని అనుమానించాలి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతుంది. ప్యాకెట్‌మీద రాసినంత నీటిలో ఓ.ఆర్.ఎస్. కలిపి మాటిమాటికీ కొంచెం కొంచెంగా తాగించండి. పసిపిల్లలకూ వృద్ధులకూ నీరసం ముంచుకొచ్చినా, మూత్రం తగ్గినా, ఎవరికైనా విరేచనంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకురండి.