తాతయ్య అంబాసిడర్ లోపల మేము చేసిన పని

‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అని సామెత. తాతయ్య ఇంటి షెడ్డులో ఉన్న 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 కారును చూసి మా ఇంట్లో అందరూ ఇదే మాట అనేవారు. ఇంజన్ బాగానే ఉంది. కానీ చిరిగిన సీటు గుచ్చుకునేది, తలుపు అట్ట ఊడి వేలాడేది. “ఎవరూ ఎక్కని కారు ఎందుకు? తూకానికి అమ్మేద్దాం” అన్నారు పెదనాన్న. తాతయ్య ఏమీ అనలేదు. వేసవి సెలవులు అయ్యేలోగా లోపలి భాగం బాగుచేస్తామని మనవలం ముగ్గురం గడువు అడిగాం. ఆ నలభై రోజుల్లో నేర్చుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాను తీసుకుని, హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1950ల చివర అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 2014 వరకు ఈ కార్లు తయారయ్యాయి. ఇప్పుడు కర్మాగారం నుంచి కొత్త భాగాలు రావు. అందుకే ఉన్నదాన్ని కాపాడుకోవడమే మొదటి సూత్రం.

విప్పే ముందు ప్రతి భాగానికీ ఫొటో తీశాం. స్క్రూలను విడివిడి పొట్లాల్లో వేసి, పైన పేరు రాశాం. అన్ని స్క్రూలూ ఒకేలా కనిపిస్తాయి గానీ పొడవు తేడా ఉంటుంది. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అది అవతలి వైపు పొడుచుకు వస్తుంది.

మొదట సీటు. రెక్సిన్ అంటే బట్ట మీద పీవీసీ పూత. పీవీసీని మెత్తగా ఉంచడానికి అందులో నూనెలాంటి పదార్థాలు కలుపుతారు. ఎండకూ వేడికీ అవి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఆవిరైపోతాయి. అప్పుడు రెక్సిన్ బిరుసెక్కి కుట్ల దగ్గర పగులుతుంది. సబ్బునీళ్లతో తుడిస్తే మురికి పోతుంది గానీ పోయిన మెత్తదనం తిరిగి రాదు. అందుకే పగిలిన పలకలను మాత్రమే మార్చాం. పాత ముక్క కుట్లు విప్పి, దాన్నే కొలతగా పెట్టి కొత్తది కత్తిరించాం. కుట్టు పని మాకు రాదు, కుషన్ మేస్త్రి గారు చేసిపెట్టారు. “బిగించే ముందు కాసేపు ఎండలో పెట్టండి బాబూ, సాగుతుంది” అని ఆయన చెప్పిన కిటుకు బాగా పనికొచ్చింది.

తరువాత తలుపు అట్ట. అద్దం తిప్పే హ్యాండిల్ కొన్ని కార్లలో స్క్రూతో ఉంటుంది. కొన్నింటిలో దాని వెనుక బిళ్లను లోపలికి నొక్కితే సన్నని పిన్ను కనిపిస్తుంది. అది తీస్తే హ్యాండిల్ వచ్చేస్తుంది. అట్ట ఎందుకు ఉబ్బిందో లోపల చూస్తే తెలిసింది. వాన నీరు అద్దం పక్క నుంచి తలుపులోకి దిగి, అడుగున ఉన్న రంధ్రాల గుండా బయటికి పోవాలి. ఆ రంధ్రాలు మట్టితో పూడుకుపోయాయి, అట్ట వెనుక ఉండాల్సిన ప్లాస్టిక్ షీటు చిరిగిపోయింది. ముందు రంధ్రాలు శుభ్రం చేసి, కొత్త షీటు అంటించాం. పాత అట్ట కొలతకు కొత్త హార్డ్‌బోర్డు కోసి, అంచులకు వార్నిష్ పూశాం. రెక్సిన్‌కూ బోర్డుకూ రెండింటికీ రబ్బరు జిగురు రాసి, వేలికి అంటనంత ఆరాక నొక్కాం. కారణం సరిచేయకుండా అట్ట ఒక్కటే మారిస్తే మరో వానాకాలానికి మళ్లీ ఉబ్బుతుంది.

నాబ్‌ల దగ్గర పొరపాటు చేశాం. ఒకదాన్ని థిన్నర్‌తో తుడిస్తే ప్లాస్టిక్ పైపొర కరిగి మసకబారింది, దాని మీది అక్షరం చెరిగిపోయింది. ఏ ద్రవాన్నైనా ముందు కనిపించని మూల మీద వాడి చూడాలని అప్పుడు తెలిసింది. మిగిలిన వాటిని సబ్బునీళ్లతో కడిగి, చెక్కిన అక్షరాల గాడిలో తెల్ల రంగు నింపాం. అది పూర్తిగా ఆరకముందే గట్టి కాగితంతో పైన తుడిచేస్తే రంగు గాడిలోనే నిలుస్తుంది. వెలిసిపోయిన అక్షరం మళ్లీ కనిపించినప్పుడు మా చెల్లి చప్పట్లు కొట్టింది.

స్టీరింగ్ చక్రం బీటలను ముందు కొంచెం వెడల్పు చేసి, ఎపాక్సీ ముద్ద కూరాం. ఒక రోజు ఆరనిచ్చి గరుకు కాగితంతోనూ, ఆ తరువాత నున్నని కాగితంతోనూ రుద్ది రంగు వేశాం. ఎపాక్సీని చేతితొడుగులతో, గాలి ఆడే చోట, పెద్దల ఎదుటే వాడాలి. క్రోమియం పూత మీది తుప్పు మచ్చలు, నలిపి నీళ్లలో ముంచిన అల్యూమినియం కాగితంతో రుద్దితే పోయాయి.

ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. డ్యాష్‌బోర్డు అంచున తాళంచెవితో గీసిన వంకర ‘ర’ ఉంది. నాన్న చిన్నప్పుడు గీశారట, ఆ రోజు దెబ్బలు కూడా తిన్నారట. రంగు డబ్బా పట్టుకుని దాని దగ్గరికి వెళ్లేసరికి, “అది ఉండనీండ్రా” అన్నారు తాతయ్య. పాతదాన్ని బాగుచేయడమంటే ప్రతి గీతనూ చెరపడం కాదని మాకు అప్పుడు అర్థమైంది.

సెలవుల చివరి ఆదివారం తాతయ్య కారు బయటికి తీశారు. పెదనాన్న వచ్చి ముందు సీట్లో కూర్చుని, తలుపు అట్ట మీద చెయ్యి ఆనించి చూశారు. “రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ వచ్చినప్పుడు చూద్దాంలే” అన్నారు. అమ్మేద్దాం అన్న మాట మాత్రం రాలేదు. మిత్రులారా, మీ ఇంట్లో కారే ఉండాలని లేదు. పాత రేడియో అయినా, కుట్టు మిషన్ అయినా పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి. ఎందుకు పాడైందో తెలిస్తే సగం బాగుచేసినట్టే.