ఆ ఆదివారం... అనాథల భోజనం!

ఆదివారమంటే ఏ ఇంట్లోనైనా ఓ కూర ఎక్కువే. కానీ 1923 డిసెంబరులో ఓ ఆదివారం అమెరికాలో ఎన్నో కుటుంబాలు కావాలనే చప్పటి తిండి తిన్నాయి. ఎక్కడో దూరాన అనాథాశ్రమాల్లో ఆర్మేనియా పిల్లలు తినేలాంటి భోజనం చేసి, మిగిలిన డబ్బు వాళ్లకే పంపాయి. 'గోల్డెన్ రూల్ సండే' అని దానికి పేరు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఒట్టోమన్ సామ్రాజ్యంలో లక్షల మంది ఆర్మేనియన్లు ఊచకోతకు బలయ్యారు. 1915లో అక్కడి అమెరికా రాయబారి హెన్రీ మోర్గెంథా ఇచ్చిన టెలిగ్రామ్‌తో చందాల సేకరణ మొదలైంది. అదే తర్వాత 'నియర్ ఈస్ట్ రిలీఫ్' సంస్థగా మారింది. 1930 నాటికి పోగైంది 11 కోట్ల డాలర్లకు పైమాటే! చాప్లిన్ సినిమా 'ది కిడ్'లోని బుడతడు జాకీ కూగన్ కూడా తొమ్మిదేళ్ల వయసులో పాలడబ్బాల కోసం ఊరూరా తిరిగాడు.

అలా లక్షా ముప్ఫైవేల మందికి పైగా పిల్లలు బతికి బట్టకట్టారు. ఇప్పుడు గ్యుమ్రి అని పిలుస్తున్న ఆర్మేనియా పట్టణంలోనైతే పాత సైనిక బారకాసులే వేలమందికి ఇల్లూ, బడీ. అన్నం పెట్టి ఊరుకోలేదు. చందాలు ఎన్నాళ్లొస్తాయి? అందుకే అక్షరాలతోపాటు చేతిపనులూ నేర్పారు.

లెబనాన్‌లోని గజీర్ ఆశ్రమంలో ఆడపిల్లలు తివాచీలు నేశారు. వాటిలో ఒకటి 1925లో అధ్యక్షుడు కూలిజ్‌కు కానుకగా వెళ్లింది. అందులో ముడులే 40 లక్షలకు పైగా! వేసినవన్నీ చిన్నారి వేళ్లే. పదవి దిగాక కూలిజ్ దాన్ని ఇంటికి తీసుకెళ్లారు. 1982లో ఆయన కుటుంబం తిరిగి వైట్‌హౌస్‌కి ఇచ్చేసింది. 2014లో కొద్దిరోజులు జనం చూడ్డానికీ ఉంచారు.