మర్ఫా మోగినప్పుడు పేరు కూడా చెప్పాలి

అమెరికాలో ఫిబ్రవరి వచ్చిందంటే నల్లజాతి చరిత్ర మాసం. 1926 ఫిబ్రవరిలో కార్టర్ జి. వుడ్సన్ అనే చరిత్రకారుడు దాన్ని ఒక వారం కార్యక్రమంగా మొదలుపెట్టారు. ఆయన తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవాళ్ళు. కుర్రతనంలో బొగ్గుగనుల్లో పనిచేసి, 1912లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ అందుకున్న మనిషి ఆయన. పాఠ్యపుస్తకాల్లో తన జనానికి చోటు లేదని గ్రహించి, పుస్తకాలు మారేదాకా ఆగకుండా చరిత్రను బళ్ళలోకీ, చర్చిల్లోకీ, పేటల్లోని సంఘాల్లోకీ తీసుకెళ్ళారు. పాటగా, నాటకంగా, ఊరేగింపుగా జనం తమ కథను తామే చెప్పుకున్నారు. 1976 నుంచి ఆ వారం నెల అయింది. 1987లో బ్రిటన్ కూడా ఈ సంప్రదాయాన్ని అందుకుని అక్టోబరులో జరపడం మొదలుపెట్టింది.

దీనికీ విశాఖపట్నానికీ ఏం సంబంధమని అడగడం సహజం. విశాఖ ఉత్సవ్‌లో, బళ్ళలో, కళాశాలల వేదికల మీద ఆఫ్రికా సంతతి జనాల చరిత్రకు చోటివ్వాలంటే, అది ఎక్కడో దూరదేశాల సంగతి కదా అనిపిస్తుంది. ఆ అభిప్రాయం తప్పని నా వాదన. ఆ చరిత్రలో మన తీరానికి వాటా ఉంది. దక్కన్‌లో దాని వారసులు ఉన్నారు. ఊరేగింపుల్లో మనం ఎగిరే దరువులోనూ అది వినిపిస్తుంది. దరువును మనం ఉంచుకున్నాం, దాన్ని తెచ్చినవాళ్ళ పేరును మాత్రం వదిలేశాం. ఆ పేరును మళ్ళీ నలుగురి నోళ్ళలోకి తేవడానికి స్థానిక కళావేదికను మించిన చోటు లేదు.

ముందు తీరం సంగతి చూద్దాం. భీమునిపట్నంలో డచ్చివాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో వచ్చి, 1825లో ఊరు ఆంగ్లేయుల చేతికి పోయేదాకా వాళ్ళు అక్కడ వ్యాపారం చేశారు. డచ్ కంపెనీ మన తీరం నుంచి బట్టలు కొన్నదని బడిలో చదువుకున్నాం. మనుషుల్ని కూడా కొన్నదన్నది చదువుకోలేదు. పులికాట్ మొదలు పైకి కోరమాండల్ తీరంలో కరువులు వచ్చినప్పుడు ఆకలికి అమ్ముడుపోయినవాళ్ళు ఆ ఓడల్లో బటావియాకీ, సిలోనుకీ, ఆఫ్రికా దక్షిణపు కొసన ఉన్న కేప్‌కీ చేరారు. 1652లో డచ్ కంపెనీ కేప్‌లో స్థావరం వేసింది. అక్కడి రికార్డుల్లో బానిసలకు ఇంటిపేర్లు లేవు. పెట్టిన పేరు పక్కన తెచ్చిన చోటి పేరు రాసేవారు. ఫలానా ‘కోరమాండల్’, ఫలానా ‘బెంగాల్’, ఫలానా ‘పలియకత్త’. ఈ చివరిది మన పులికాట్. మొజాంబిక్, మడగాస్కర్ల నుంచి తెచ్చినవాళ్ళతో కలిసి, మన తీరం మనుషులు ఒకే కప్పు కింద బతికారు, పెళ్ళాడారు, పిల్లల్ని కన్నారు.

కేప్‌లో బానిసత్వం 1834 డిసెంబరు 1న చట్టరీత్యా రద్దయింది. కానీ మరో నాలుగేళ్ళు యజమానుల కిందే పనిచేయాలని షరతు పెట్టారు. బానిసలకు ఏడాదికి ఒక రోజు, కొత్త సంవత్సరం మర్నాడు, సెలవు దొరికేది. యజమానుల పండగ అయ్యాక తమ పండగ అన్నమాట. ఆ జనవరి 2 నేటికీ కేప్‌టౌన్‌లో వీధుల పండగే. ఒక్కో పేట ఒక్కో జట్టు కట్టి, ఏడాది పొడవునా సాధన చేసి, రంగురంగుల శాటిన్ కోట్లు కుట్టించుకుని, బాజాలతో ఊరేగుతుంది. వాళ్ళ పాత డోలును వైన్ పీపాకు ఒక వైపు తోలు బిగించి చేసేవారు. ఒక పీపా, ఒక తోలు ముక్క, రెండు అరచేతులు. యజమాని సరుకు ఖాళీ అయ్యాక మిగిలినదే వాళ్ళ వాద్యం. 1966 ఫిబ్రవరిలో వర్ణవివక్ష ప్రభుత్వం డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను తెల్లవాళ్ళకే అని ప్రకటించి, ఉన్నవాళ్ళను ఖాళీ చేయించి, ఇళ్ళు కూల్చేసింది. పేట పోయినా జట్లు చెదిరిపోలేదు. దూరంగా విసిరేసిన కాలనీల నుంచి బస్సుల్లో వచ్చి మరీ అదే ఊరేగింపు తీశారు. చరిత్రను కాపాడడానికి కళ ఏం చేయగలదో ఇంతకన్నా గట్టిగా చెప్పే రుజువు నాకు తెలియదు. అందులో ఎగిరే జనంలో మన తీరం రక్తం కూడా ఉందన్నది మనవాళ్ళకు చేరని విషయం.

బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. ఆ ఖాళీలోకి వెళ్ళినవాళ్ళలో ఉత్తరాంధ్ర జనం చాలామంది. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుంచి వెళ్ళి డర్బన్‌లో ఆగింది. అప్పటినుంచి 1911 దాకా లక్షన్నర మందికి పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా నటాల్ చేరారు. ఆ ఓడల జాబితాల్లో మనిషికో వరుస ఉంటుంది: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, చివర్న ఒంటి మీది పుట్టుమచ్చలూ మచ్చలూ. జిల్లా గడిలో ‘వైజాగపటం’ అని ఉన్న వరుసలు ఎన్నో. ఒప్పంద కూలీతనం బానిసత్వం కాదు, రెంటినీ ఒకటే అనడం న్యాయమూ కాదు. కూలీకి గడువుంది, జీతముంది, తిరిగొచ్చే వీలు కనీసం కాగితం మీద ఉంది. అయితే మారిషస్ లాంటి చోట్ల బానిసలు వదిలిన గుడిసెల్లోకి, అదే కొరడా కిందికి మనవాళ్ళు వెళ్ళారన్నదీ నిజమే. మారిషస్ ఈ రెండు చరిత్రలనూ పక్కపక్కన పెట్టుకుని బతుకుతోంది. అక్కడ ఫిబ్రవరి 1 బానిసత్వ రద్దు దినంగా జాతీయ సెలవు, నవంబరు 2 ఒప్పంద కూలీలు వచ్చిన రోజుగా సెలవు, మన ఉగాదికీ సెలవే. ఆఫ్రికా బానిసలు పుట్టించిన సేగా పాటకు మేకతోలు ‘రవాన్’ వాయిస్తారు. వాయించే ముందు దాన్ని మంట దగ్గర కాచి తోలు బిగిస్తారు, అచ్చం మన డప్పు కాచినట్టే. సేగాను 2014లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక ఎదురు దిక్కున వచ్చినవాళ్ళ సంగతి. ఆఫ్రికా తూర్పు తీరం నుంచి శతాబ్దాలపాటు హబ్షీలు, సిద్దీలు దక్కన్‌కు వచ్చారు. ఎక్కువమంది బానిస సైనికులుగానే. వాళ్ళలో మాలిక్ అంబర్ ఒకరు. ఇథియోపియాలో పుట్టి, చేతులు మారి అమ్ముడై, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్నే నడిపి, 1626లో చనిపోయేదాకా మొగలులకు కొరకరాని కొయ్యగా నిలిచారు. హైదరాబాదులో హబ్సిగూడ ఉంది, సిద్ది అంబర్ బజారు ఉంది. మాసాబ్‌ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ పేరులోని మొదటి రెండక్షరాలు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్విక దళానివి. ఆ దళం వనపర్తి సంస్థానం నుంచి నిజాముకు చేరిందని చెప్తారు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిశాక దళం పోయింది, జీతాలు పోయాయి. గుర్రాల మీద తిరిగినవాళ్ళ పిల్లలు చిల్లర కొలువులు వెతుక్కున్నారు. వాళ్ళ చేతుల్లో మిగిలింది మర్ఫా. యెమెన్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బులూ, ఏసీ గార్డ్స్ సిద్దీలూ కలిసి పెంచిన వాద్యం అది. డఫ్, డోలు, కర్రతో కొట్టే లోహపు బిందె తోడై, చెవులు గింగిర్లెత్తే వేగంతో సాగుతుంది. ఆ లయల్లో తీన్మార్ ఒకటి. హైదరాబాదు పెళ్ళి బరాత్‌లో, బోనాల్లో, వినాయక నిమజ్జనంలో, పార్టీల ర్యాలీల్లో మతం చూడకుండా మోగింది. ఇవాళ విశాఖలో గణపతి ఊరేగింపు కదిలినా కుర్రాళ్ళు అడిగేది తీన్మారే. ఆ దరువు వెనక ఆఫ్రికా ఉందని ఆ ఊరేగింపులో ఎందరికి తెలుసు?

అలెక్స్ హేలీ ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. తెలుగునాట అది ఇంటింటి పుస్తకమైంది. అందులోని కుంటా కింటే సంకెళ్ళకు కన్నీళ్ళు పెట్టుకున్న పాఠకుడికి, అదే హైదరాబాదులో ఉన్న సిద్దీ ముత్తాత ఎక్కడినుంచి వచ్చాడో తెలియదు. సానుభూతికి లోటు లేదు. దగ్గరివాళ్ళ కథ చెప్పే వేదికే లేదు.

కళాప్రదర్శన అంటే వినోదపు తంతుగా మిగిలిపోతుందన్న అభ్యంతరం బరువైనది. మన బళ్ళ వార్షికోత్సవాల్లో ‘ఆఫ్రికా డాన్స్’ పేరుతో పిల్లల ముఖాలకు నల్లరంగు పూసి, నడుముకు ఆకులు కట్టి ఎగిరించడం చాలామంది చూసే ఉంటారు. అది గౌరవం కాదు, అవమానం. వెంటనే మానేయాలి. కేప్‌టౌన్ పండగకు కూడా ఒకప్పుడు అమెరికా నుంచి వచ్చిన ముఖరంగు ప్రదర్శనల మచ్చ అంటింది, దాని మీద అక్కడ ఇప్పటికీ వాదన నడుస్తోంది. కానీ ఆ జబ్బుకు మందు ప్రదర్శన మానేయడం కాదు, కథను ఆ జనం చేతికే ఇవ్వడం. కర్ణాటకలో ఇది జరిగింది. 1980ల్లో నీనాసం నాటక సంస్థ రంగకర్మి చిదంబరరావు జంబె ఉత్తర కన్నడ జిల్లా మంచికేరి సిద్దీలతో నైజీరియా రచయిత చినువా అచెబె నవలను నాటకంగా ఆడించారు. అడవి పల్లెల కూలీలు తమ పూర్వీకుల ఖండం కథను కన్నడంలో తామే నటించారు. తర్వాతి తరాల్లో సిద్దీ యువకులు నాటకరంగంలోకి, సినిమాల్లోకి వచ్చారు. 2003లో ఆ జిల్లా సిద్దీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. దానికి కారణం నాటకమే అనను. కానీ తమ పేరు తాము పలకగల జనాన్ని పట్టించుకోకుండా ఉండడం ఎవరికైనా కష్టం.

మరో మాట కూడా వినిపిస్తుంది. మన డప్పు కళాకారులకే దిక్కు లేదు, ముందు వాళ్ళ సంగతి చూడండి అని. ఆ ఆవేదనలో న్యాయం ఉంది. చావుకీ జాతరకీ డప్పు కావాలి, డప్పు కొట్టే మాదిగ మాత్రం వాకిలి బయటే నిలబడాలి అన్న ఊళ్ళు మనవి. కానీ సిద్దీ మర్ఫాకు జరిగిందీ అదే. వాద్యం లోపలికి వచ్చింది, వాయించేవాడు బయటే ఉండిపోయాడు. అందుకే ఒకరి వాటా లాక్కుని మరొకరికి ఇవ్వడం అన్న ప్రశ్నే రాదు. డప్పు, తప్పెటగుళ్ళు, మర్ఫా ఒకే సాయంత్రం ఒకే వేదిక మీద మోగితే ఒకదాన్ని గురించి మరొకటి సాక్ష్యం చెబుతుంది. విశాఖ శ్రామికులకు ఈ భాష కొత్త కాదు. హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేస్తూ ఉత్తరాంధ్ర బాణీలో లక్షల మందిని కదిలించిన వంగపండు ప్రసాదరావు నడిచిన ఊరిది. శ్రమ చేసే చేతి నుంచే పాట పుడుతుందని ఆయన్ని విన్నవాళ్ళకు వేరే చెప్పాలా?

ఒక్క రోజు పాటలతో జాతివివక్ష పోతుందా అంటే, పోదు. 2016లో బెంగళూరులో టాంజానియా విద్యార్థిని మీద, 2017లో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల మీద మూకలు పడ్డాయి. అద్దెకు ఇల్లు వెతుక్కునేటప్పుడు, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండిపోయినప్పుడు ఆఫ్రికా విద్యార్థులు పడే మాటలకు లెక్కే లేదు. వీటికి చట్టం కావాలి, పోలీసు కావాలి, విశ్వవిద్యాలయం పూచీ కావాలి. కళ వాటికి బదులు కాదు. కానీ తెలియనితనమే భయంగానూ భయమే ఏవగింపుగానూ మారేచోట, ఒక మనిషి నోటితో అతని ఊరి పాట వినడం కొంత పని చేస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా దేశాల విద్యార్థులు ఏళ్ళుగా చదువుతున్నారు. వాళ్ళు ప్రాంగణంలో చేసుకునే పండగకు ఊరు రావాలి, ఊరి పండగకు వాళ్ళు రావాలి.

కాబట్టి నిర్వాహకులకు నా విన్నపం ఇది. బీచ్ రోడ్డులో డచ్ బంగళాగా పేరున్న భవనంలోనే 1991 నుంచి విశాఖ మ్యూజియం నడుస్తోంది. ఏటా ఫిబ్రవరి 1న, మారిషస్ బానిసత్వ రద్దును తలుచుకునే రోజునే, ఆ ఆవరణలో ఒక సాయంత్రం పెట్టండి. ఏసీ గార్డ్స్ మర్ఫా జట్టును, ఉత్తరాంధ్ర డప్పు, తప్పెటగుళ్ళ బృందాలను, ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఆఫ్రికా విద్యార్థులను పిలవండి. సినిమా గాయకుడికి ఇచ్చినట్టే వాళ్ళకూ ముందే పారితోషికం మాట్లాడండి. పోస్టరు మీద బృందం పేరుతో ఆగకుండా వాయించేవాళ్ళ పేర్లు వేయండి. దరువు మొదలయ్యే ముందు వాళ్ళలో పెద్దవాళ్ళ చేతికి మైకు ఇచ్చి, తమవాళ్ళు ఎక్కడినుంచి ఎలా వచ్చారో చెప్పనివ్వండి.