చంపదు, ఎదగనివ్వదు

రొయ్యల బేరంలో కౌంట్ పెరిగిందంటే రైతుకు దడ. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 50 కౌంట్ అంటే రొయ్య 20 గ్రాములు, 100 కౌంట్ అంటే పదే గ్రాములు. లక్ష పిల్ల వదిలిన చెరువులో 80 వేలు బతికాయనుకుందాం. 50 కౌంట్‌లో పట్టుబడి చేస్తే 1,600 కిలోలు వస్తాయి. అవే రొయ్యలు 100 కౌంట్ దగ్గర ఆగిపోతే 800 కిలోలే. అదనంగా ఒక్క రొయ్య చావలేదు, దిగుబడి మాత్రం సగమైంది. చిన్న రొయ్యకు కిలో ధర కూడా తక్కువ కాబట్టి రాబడి సగానికన్నా కిందికే పోతుంది. మేతకు, కరెంటుకు పెట్టిన డబ్బు వెనక్కి రాదు.

ఆంధ్ర తీరంలో వెనామీ రకం రొయ్యల సాగును ఇలా కుంగదీస్తున్న వాటిలో ముఖ్యమైనది ఈహెచ్‌పీ. పూర్తి పేరు ఎంటెరోసైటోజూన్ హెపటోపెనై. ఇది వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. కేంద్రకం ఉన్న ఏకకణ జీవి, మైక్రోస్పోరిడియా అనే పరాన్నజీవుల తెగకు చెందింది. థాయిలాండ్‌లో ఎదుగుదల లేని టైగర్ రొయ్యల్లో దీని జాడ 2004లో బయటపడింది, పేరు 2009లో పెట్టారు. మన దేశంలో వెనామీని పెద్ద ఎత్తున పెంచడానికి అనుమతి వచ్చింది కూడా 2009లోనే. ఇక్కడి వెనామీ చెరువుల్లోనూ ఇది ఉందని 2016లో పరిశోధన పత్రం వెలువడింది. 2023లో శాస్త్రవేత్తలు దీన్ని ఎసైటోన్యూక్లియోస్పోరా అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. అదృష్టం కొద్దీ మొదటి అక్షరం అదే కావడంతో ఈహెచ్‌పీ ఈహెచ్‌పీగానే మిగిలింది.

1990ల మధ్యలో మన టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన తెల్లమచ్చల వైరస్ 3 నుంచి 10 రోజుల్లో చెరువును ఖాళీ చేసేది. ఈహెచ్‌పీకి అంత తొందర లేదు. రొయ్య బతికి ఉంటేనే దానికి లాభం. ఎందుకో తెలియాలంటే దీని సంతానోత్పత్తి చూడాలి.

బయటి ప్రపంచంలో ఇది స్పోరుగా, అంటే గట్టి గోడ ఉన్న సిద్ధబీజంగా ఉంటుంది. పొడవు 1.1 మైక్రాన్లు, వెడల్పు 0.7. వరసగా పేరిస్తే మిల్లీమీటరుకు 900 పడతాయి. ఆ కాస్త చోటులోనే 5, 6 చుట్లు చుట్టుకున్న సన్నని తంతువు ఉంటుంది. రొయ్య మింగాక, తగిన ప్రేరణ దొరకగానే ఆ తంతువు లోపలి భాగం బయటికి తిరగబడుతూ గొట్టంలా దూసుకొస్తుంది. మైక్రోస్పోరిడియాలో ఈ పని 2 సెకన్ల లోపే ముగుస్తుంది. గొట్టం కణంలోకి దిగితే స్పోరులోని జీవపదార్థం దాని గుండా లోపలికి చేరుతుంది. గురి తప్పితే ఇంకో అవకాశం లేదు, ఖాళీ గోడే మిగులుతుంది.

చేరే చోటు హెపటోపాంక్రియాస్. రొయ్య తల కింద ఉండే ఈ గ్రంథి తిన్నది అరిగిస్తుంది, కొవ్వును దాస్తుంది. పరాన్నజీవి ఇక్కడి కణాల్లో వెంటనే రెండుగా, నాలుగుగా చీలిపోదు. ముందు కేంద్రకాలు మాత్రం విభజన చెందుతాయి, ఒకే ముద్దలో ఎన్నో పోగవుతాయి. ముద్ద విడిపోకముందే కొత్త తంతువులు కూడా తయారవుతాయి, ఇది ఈహెచ్‌పీ చెందిన కుటుంబపు ప్రత్యేక లక్షణం. ఆ తర్వాతే ముద్ద ముక్కలై స్పోర్లవుతుంది. కణం పగులుతుంది, స్పోర్లు మలంతో చెరువులోకి వస్తాయి. పక్క రొయ్య మింగితే చాలు, మధ్యలో మరో ఆతిథేయి అక్కర్లేదు. అరిగించే గ్రంథే పోయిన రొయ్య ఎంత మేత తిన్నా ఒళ్లు చేయదు. కానీ బతికున్నన్నాళ్లూ స్పోర్లను వదులుతూనే ఉంటుంది.

దీని జన్యుపటంలో అక్షరాలు దాదాపు 33 లక్షలు, జన్యువులు సుమారు రెండున్నర వేలు. దూరపు చుట్టమైన ఈస్ట్‌కు 1.2 కోట్ల అక్షరాలు, 6 వేల జన్యువులు ఉన్నాయి. కేంద్రకమే లేని ఈ.కోలి బ్యాక్టీరియాకు కూడా 46 లక్షల అక్షరాలుంటాయి. ఈ పేదరికం పుట్టుకతో వచ్చిందా, తర్వాత వచ్చిందా అన్నది చాలాకాలం చర్చ. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా మైక్రోస్పోరిడియాలో కనిపించకపోవడంతో, మైటోకాండ్రియా పుట్టకముందే విడిపోయిన ఆదిమ జీవులు ఇవేనని 1983లో టామ్ కావలియర్ స్మిత్ ప్రతిపాదించారు. 1990లలో జన్యువులు ఇవి శిలీంధ్రాల బంధువులని చూపాయి. 2002లో మనిషికి సోకే ఒక మైక్రోస్పోరిడియాలో మైటోకాండ్రియా అవశేషమే దొరికింది. అంటే ఒకప్పుడు ఉన్నదాన్నే పోగొట్టుకున్నాయి.

ఈహెచ్‌పీ ఆ దారిలో ఇంకా ముందుకు పోయింది. చక్కెరను విరిచి శక్తి తీసే గ్లైకాలిసిస్ దాదాపు అన్ని జీవుల్లో ఉంటుంది. దీనిలో అది కూడా చెడిపోయింది. సొంత పొయ్యి అమ్మేసి ఇంటివాళ్ల వంటింట్లో తింటున్న అద్దెదారు లాంటిదిది: రొయ్య కణం తయారుచేసుకున్న ఏటీపీని, అంటే శక్తి అణువును, నేరుగా లాక్కుంటుంది. అలా లాగే రవాణా ప్రోటీన్ల జన్యువులు మైక్రోస్పోరిడియాకు ఏనాడో బ్యాక్టీరియా నుంచి వచ్చాయి. మనిషి పేగుల్లో బతికే ఎంటెరోసైటోజూన్ బీన్యూసీతో దీని రైబోసోమల్ జన్యువు 84 శాతం కలిసింది. అయినా ఈహెచ్‌పీ మనిషికి సోకినట్టు దాఖలా లేదు, రొయ్యలు నిశ్చింతగా తినొచ్చు.

ఈహెచ్‌పీతో ముడిపడిన మరో జబ్బు వైట్ గట్, అంటే రొయ్య పేగు తెల్లబడటం. అది వచ్చిన చెరువుల్లో ఒక తికమక ఉంది. రొయ్య పేగులో పురుగుల్లాంటి ఆకారాలు సూక్ష్మదర్శినిలో కనబడితే గ్రెగరైన్లు అనుకుని మందులు వేశారు. గ్రెగరైన్లు మలేరియా క్రిమి బంధువులు, రొయ్యలకు నిజంగానే సోకే ఏకకణ పరాన్నజీవులు. కానీ వైట్ గట్ రొయ్యల్లోని ఆ ఆకారాలు జీవులే కావనీ, హెపటోపాంక్రియాస్ కణాల నుంచి ఊడిన సూక్ష్మ నూగు చుట్టలనీ 2014లో థాయి పరిశోధకులు తేల్చారు. లేని క్రిమికి మందు వేసినట్టయింది. వైట్ గట్‌కు ఈహెచ్‌పీ ఒక్కటే కారణం కాదు, విబ్రియో బ్యాక్టీరియా తోడైనప్పుడు తీవ్రత పెరుగుతుంది.

ఈహెచ్‌పీని నయం చేసే నిరూపిత మందు ఇప్పటికి లేదు. ఉన్న మార్గాలన్నీ పిల్ల వేయకముందువే. థాయి నిపుణుల సిఫార్సు ప్రకారం ఎండిన చెరువు మట్టిలో హెక్టారుకు 6 టన్నుల, అంటే ఎకరాకు దాదాపు 2.4 టన్నుల పొడి సున్నం కలిపి దున్ని, తడిపి, పీహెచ్ 12కు చేర్చాలి. ఏదో కాస్త చల్లి అయిందనిపిస్తే స్పోరు గోడకు లెక్కే ఉండదు. హేచరీల్లో తల్లి రొయ్యలకు పెట్టే పచ్చి సముద్రపు పురుగుల ద్వారా కూడా సోకవచ్చు కాబట్టి వాటిని గడ్డకట్టించి వాడమంటారు.

ఇక మిగిలింది సీడ్, అంటే చెరువులో వేసే పిల్ల, పరీక్ష. లక్ష పిల్లలో 2 శాతానికి, అంటే 2 వేలకు సోకిందనుకోండి. 150 పిల్లలను తీసి పీసీఆర్ అనే జన్యు పరీక్షకు పంపితే సోకినది కనీసం ఒక్కటైనా అందులో పడే అవకాశం 95 శాతం. 30తో సరిపెడితే అది 45 శాతమే. అప్పుడు ‘నెగెటివ్’ అన్న కాగితం చేతికొచ్చినా, సీడ్‌లో ఈహెచ్‌పీ ఉండి కూడా పరీక్షకు చిక్కకపోయి ఉండవచ్చు.