బస్తర్ మాటను ఎవరు తీసేశారు?

2011 జనగణన ప్రకారం గోండీ మాతృభాషగా ఉన్నవారు దాదాపు 30 లక్షలు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో పలికే తీరు వేరు, మన ఆదిలాబాద్‌లో వేరు. ఈ భాషకు పలువురు కలిసి కంప్యూటర్‌లో నిఘంటువు కూరుస్తున్నారనుకుందాం. బస్తర్ రూపం తప్పనుకుని ఎవరో ఒక మాట చెరిపేశారు. ఆ రాత్రి బ్యాకప్ తనంతట తానే నడిచి, మాట లేని ఫైలునే భద్రంగా దాస్తుంది. పాత నకళ్ల గడువు తీరాక ఆ మాట జాడే ఉండదు.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ లాంటి వెర్షన్ కంట్రోల్ పద్ధతి వేరు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో ప్రతి మార్పుతోపాటు నమోదవుతుంది (‘ఎందుకు’ రాయాల్సింది మనిషే, బద్ధకిస్తే అంతే!). చెరిపిన ఆ ఒక్క మాటనే వెనక్కి తేవచ్చు, తక్కిన సవరణలు చెక్కుచెదరవు. అయితే ఈ చరిత్రంతా ఒకే డిస్కులో ఉండి అది పాడైతే, ఆదుకునేది వేరేచోట దాచిన బ్యాకప్పే.